మాస్టార్నడగండి: కొంగలకెందుకండీ ఇంత ఖర్చు?

పోయినసారి గుడి దగ్గర కోతులకు అరటిపళ్ళు వెయ్యొద్దని రాసినందుకు ముగ్గురు తిట్టారు, ఒకాయన మెచ్చుకున్నారు. మా కాలేజీలో నా క్లాసుకి కూడా లెక్క అలాగే ఉండేది కాబట్టి బాధేమీ లేదు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట తిప్పితిప్పి అడిగాయి: మనుషులకే దిక్కులేదు, పిట్టలకీ పాములకీ ఎందుకు ఈ రాజభోగం అని. ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి, ఎటువైపు మాట్లాడతానో మీరు ముందే అనేసుకుని ఉంటారు. చూద్దాం.

*

మాస్టారూ, మొన్న ఆదివారం పిల్లల్ని ఉప్పలపాడు తీసుకెళ్ళాం. పక్షులు బాగున్నాయి గానీ ఆ కంపు భరించలేకపోయాం. మా వీధిలో కుళాయి ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి, అక్కడ మాత్రం సైబీరియా కొంగల కోసం చెరువు, కంచె, టవరు. మన డబ్బు వాటికెందుకండీ?
- ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

అమ్మా, ముందు సైబీరియా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఈ మాట ఆటోవాళ్ళ దగ్గర్నుంచి స్కూలు వ్యాసాల దాకా అందరి నోటా తిరుగుతోంది. మీరు చూసినవాటిలో ముక్కు కింద సంచి ఉన్న పెద్ద పక్షి గూడబాతు, అదే పెలికాన్. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఉన్నది ఎర్రకాళ్ళ కొంగ. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించేది నత్తగుల్ల కొంగ. ఈ మూడూ మన దేశపు పక్షులే, ఇక్కడే పుట్టి, నీళ్ళూ తిండీ ఎక్కడుంటే అక్కడికి మకాం మారుస్తుంటాయి, అచ్చం మన గొర్రెల మందల్లాగా. చలికాలం సాయంత్రాల్లో మబ్బులా కమ్ముకొచ్చే గులాబీ గోరింకలు మాత్రం మధ్య ఆసియా వైపు నుంచి వస్తాయి, కొన్ని బాతులు కూడా ఉత్తరాన చలి ముదిరాక మన వైపు దిగుతాయి. కాబట్టి ఫారిన్ పిట్టలకు మన డబ్బా అన్న కంప్లయింటు సగం కొట్టేశాను.

మిగతా సగంలో మాత్రం న్యాయం ఉంది, కాకపోతే మీరు చెప్పిన న్యాయం కాదు. మీరు గంటో రెండు గంటలో ఉండి, ముక్కుకి చున్నీ కట్టుకుని వచ్చేశారు. ఉప్పలపాడు వాళ్ళు నెలల తరబడి ఆ రెట్టల వాసనలోనే వండుకుని తింటారు, గూళ్ళలోంచి జారిపడ్డ చేపలు కుళ్ళితే ఆ కంపు వాళ్ళ వసారాల్లోకే వస్తుంది. మనుషులా పక్షులా అని ఎవరన్నా అడిగినప్పుడల్లా నాకు వెంటనే నోట్లోకొచ్చే ఎదురుప్రశ్న ఒకటుంది: ఏ మనుషులు? గుంటూరు నుంచి వెళ్ళి ఫోటోలు తీసుకునేవాళ్ళకీ, ఆ చెరువుగట్టున కాపురం ఉండేవాళ్ళకీ ఈ పక్షుల ఖరీదు ఒకటి కాదు. కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరు అని ఒక ఊరుంది, అక్కడ గూడబాతులు జనాల పెరటి చింతచెట్ల మీదే గూళ్ళు పెడతాయి. పిల్లలు ఎగిరిపోయేదాకా చింతకాయ కొయ్యలేరు కదా, ఆ నష్టానికి అటవీ శాఖ చెట్ల యజమానులకి డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టింది. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఈ పక్షుల్ని పురిటికొచ్చిన ఆడపడుచులంటారు. ఆ మాట నాకెంతో ఇష్టం, కానీ పురుడు పోయాలంటే పుట్టింటివాళ్ళ దగ్గర కూడా నాలుగు రూపాయలుండాలి. ఉప్పలపాడు టికెట్ డబ్బుల్లో ఆ ఊరికి ఏం దక్కుతోందని మీరు అడిగి ఉంటే నేను మీ పక్కనే నిలబడి అడిగేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా మీకు చెప్పాలి. ఆ చెరువు పక్షులకి పడకగది మాత్రమే, వంటిల్లు కాదు. అన్ని వేల పక్షులకి సరిపడా చేపలు అంత చిన్న నీటిలో ఎక్కడివి? పొద్దున్నే లేచి డెల్టా కాలువల మీదికి, డ్రెయిన్ల మీదికి, వరిపొలాల మీదికి, చేపల చెరువుల మీదికి పోతాయి. నత్తగుల్ల కొంగయితే పొలంలో నత్తల్ని ఏరుకు తింటుంది, ఆ పనికి రైతు దగ్గర కూలి కూడా అడగదు. అందుకే కంచె వేసి టవరు కట్టేశాం, పక్షులు సేఫ్ అనుకోవడం భ్రమ. తుమ్మచెట్టు మీద గూడు పదిలంగానే ఉంటుంది, పిల్లకి పెట్టే చేపలోనే పురుగుమందు ఉంటుంది. ఇక మీ కుళాయి సంగతంటారా, అది ఆ పక్షులు తాగేసినందుకు ఆగలేదమ్మా. మీ చిన్నప్పుడు మీ ఊరి చుట్టూ ఉన్న కుంటలు ఇప్పుడు ఎన్ని సైట్లయ్యాయో ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి, భూమిలోకి నీళ్ళు దిగే చోటు ఎంత మిగిలిందో మీకే తెలుస్తుంది.

*

నమస్తే సార్. 2024 సెప్టెంబరు వరదలో మా ఇల్లు నడుముల్లోతు నీళ్ళలో మునిగింది, ఆటో పాడైపోయింది. కొల్లేరులో చేపల చెరువులు తవ్వబట్టే అని ఒకళ్ళంటారు, పక్షుల పేరు చెప్పి కొల్లేరుని ఎవర్నీ బాగు చెయ్యనివ్వకపోబట్టే అని ఇంకొకళ్ళు. ఏది నిజం?
- ఆటో డ్రైవరు, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

తమ్ముడూ, రెండింట్లోనూ కొంచెం నిజం, ఎక్కువ తప్పించుకోవడం ఉంది. మీ ఇల్లు మునగడానికి మొదటి కారణం కొల్లేరు కాదు, బుడమేరు వాగే. ఆ రెండు రోజుల కుండపోతకి ఊరికి ఎగువన బుడమేరు గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. మామూలుగా ఆ వరదని డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలోకి మళ్ళిస్తారు, కానీ అదే రోజుల్లో కృష్ణే నిండుగా పోటెత్తింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, రికార్డు. నిండిన కుండలో ఇంకో చెంబుడు పోస్తే ఏమవుతుందో అదే అయింది. పైగా ఊళ్ళో బుడమేరు ఎంత వెడల్పు ఉండాలో, ఇప్పుడు ఎంత ఉందో మీకే బాగా తెలుసు, రోజూ ఆ వంతెనల మీద తిరిగేవారు. విజయవాడ దుఃఖదాయని అని దానికి పేరు పెట్టాం గానీ, దాని దారిలో మనం కూర్చుని దాన్ని తిట్టడం ఏం మర్యాదో నాకర్థం కాదు.

కొల్లేరు వస్తుంది ఆ తర్వాత. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ కలిసేది అందులోనే, అందులోంచి సముద్రానికి పోవడానికి దారి ఒక్కటే, ఉప్పుటేరు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్యలో దేవుడు పెట్టిన పెద్ద పళ్ళెం లాంటిది. వానాకాలం పొంగుతుంది, వేసవికి ముడుచుకుంటుంది. ఆ ముడుచుకున్న నేలలో ఒకప్పుడు దాళ్వా వరి పండించుకునేవాళ్ళు, నీళ్ళున్నప్పుడు మావులు పెట్టి చేపలు పట్టుకునేవాళ్ళు. 1970లలో ప్రభుత్వమే సొసైటీలు పెట్టి పేదలకి చేపల చెరువులు ఇప్పించింది. తర్వాత చేపల్లో డబ్బు కనిపించేసరికి బయటి పెట్టుబడులొచ్చి లీజులు తీసుకున్నాయి, గట్లు లేచాయి, పళ్ళెం కాస్తా గళ్ళగళ్ళ ట్రే అయిపోయింది. నీళ్ళు పరుచుకునే చోటు పోయింది, ఉప్పుటేరు వైపు నడక మందగించింది. 1999లో 5వ కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున్న గీత దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడినేలల జాబితాలోకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చేశారు. కొన్నాళ్ళకి చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

ఎందుకు లేచాయంటే, నా అభిప్రాయం చెబుతున్నాను, గట్టు పేలిన రోజు రాత్రి లంక గ్రామంలో కూలీ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్నది ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. లీజుదారుకి ఇంకో ఊళ్ళో ఇంకో చెరువుంటుంది. లంకలో ఉన్నవాడికి ఆ నీళ్ళు తప్ప ఇంకేమీ లేవు. మళ్ళీ అదే ప్రశ్న: ఏ మనుషుల కోసం? 5వ కాంటూరుని 3కి తగ్గించమని ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. పట్టా భూములున్న చిన్న రైతు అడిగితే నాకు వాడి మీద కోపం రాదు, వాడికి నష్టపరిహారమో వేరే భూమో ఇవ్వాల్సిందే. కానీ సరస్సుని కుదించేస్తే ఆ నీళ్ళు పోవడం మానవు కదా, ఎవరి వసారాలోకో వస్తాయి. 2024లో మీ వీధి వదిలిన నీళ్ళు ఆఖరికి కొల్లేరుకే చేరి లంక గ్రామాల చుట్టూ రోజుల తరబడి నిలబడ్డాయి. మీరూ వాళ్ళూ ఒకే నీళ్ళకి రెండు చివర్ల మునిగారు, మధ్యలో లాభం తిన్నవాళ్ళు వేరే. కొల్లేరు ఒడ్డున ఆటపాకలో ఉండే గూడబాతుల్ని దీంట్లోకి లాగకండి, ఆ పక్షి గట్టు వెయ్యలేదు, గట్టు పేల్చమనీ అడగలేదు.

*

అయ్యా, మాది తెనాలి దగ్గర వరి సాగు. పొట్ట దశలో ఎలుకలు దుబ్బులు దుబ్బులే కొరికేస్తున్నాయి. మందు పెడితే పామైనా తింటుంది, గుడ్లగూబైనా చస్తుంది అంటారు. పెట్టకపోతే పంట పోతుంది. పాములుంటే ఎలుకలు తగ్గుతాయంటారు గానీ కూలీలు పొలంలోకి రావడానికి భయపడుతున్నారు. ఏం చెయ్యమంటారు?
- ఒక రైతు

మీ ఉత్తరం చదివి సంతోషమేసింది, ఎందుకంటే తప్పు ఎక్కడుందో మీరే పట్టేశారు. ఎలుకమందుల్లో కొన్ని రక్తం గడ్డకట్టకుండా చేసేవి. అలాంటిది తిన్న ఎలుక అక్కడికక్కడ చావదు, కొన్ని రోజులు మత్తుగా బయట తిరుగుతుంది, అలాంటి ఎలుకే గుడ్లగూబకి సులువుగా దొరుకుతుంది. మీ తరఫున రాత్రంతా కాపలా కాసేదాన్ని మీ మందే చంపుతుందన్నమాట. రాబందుల కథ ఇలాంటిదే. పశువులకి వేసే డైక్లోఫెనాక్ నొప్పిమందు కళేబరం ద్వారా రాబందుల కిడ్నీల్ని తినేసింది, తెల్లవీపు రాబందుల్లో నూటికి తొంభైతొమ్మిదికి పైగా పోయాయి. కళేబరాలు కుళ్ళి, కుక్కలు పెరిగి, నీళ్ళు పాడై, 2000 నుంచి 2005 దాకా ఆ కారణంగా దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని 2024లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. అప్పుడు ఎవరూ పశువులకి వైద్యం మానెయ్యమనలేదు. 2006లో ఆ మందుని పశువులకి నిషేధించి, రాబందుకి హాని చెయ్యని మెలాక్సికామ్ వాడమన్నారు, అంతే.

మీ పొలంలోనూ అంతే. గట్ల మీద తాటిమట్టలో, టి ఆకారంలో కర్రలో పాతండి, గుడ్లగూబ కూర్చోవడానికి చోటుంటే అది వస్తుంది. గట్లు సన్నగా ఉంచండి, లావు గట్టు అంటే ఎలుకకి అపార్ట్‌మెంటు. నారుమడి దశలోనే పట్టించండి, పొట్ట దశలో ఏం చేసినా ఆలస్యమే. మీరొక్కరే పడితే పక్క చేలోంచి వచ్చేస్తాయి, కాలువ కింద రైతులంతా ఒకే వారంలో పట్టించాలి. ఎవరు పడతారంటారా? మన డెల్టాలో బుట్టలు పెట్టి, కుండతో పొగపెట్టి ఎలుకలు పట్టే యానాదులున్నారు, ఏ బొరియ ఎటు తిరుగుతుందో చూసి చెప్పేస్తారు. వాళ్ళకి తోకకింత అని ఇచ్చేటప్పుడు మాత్రం బేరమాడతాం, మందు డబ్బాకి ఎమ్మార్పీ అడక్కుండా కట్టేస్తాం. ఈ బుద్ధి నాకూ ఉండేది లెండి, మా నాన్న పొలంలో నేనూ బేరమాడినవాణ్ణే.

పాముల విషయంలో మీ కూలీల భయాన్ని తేలిగ్గా తీసుకోను. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకి దాదాపు 12 లక్షల మంది పోయారని అంచనా, వాళ్ళలో ఎక్కువమంది పొలాల్లో పనిచేసే పల్లెటూరివాళ్ళే. జెర్రిపోతుకి విషం లేదు, పొడుగ్గా ఉందని కొట్టెయ్యకండి, ఎలుకల్ని తినేది అదే. భయపడాల్సినవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. కూలీలకి గమ్ బూట్లు, టార్చీలైట్లు కొనివ్వండి. నేల మీద పడుకునేవాళ్ళని కట్లపాము నిద్రలోనే కాటేస్తుంది కాబట్టి మంచం, దోమతెర. కాటు పడితే తాడు బిగించడం, బ్లేడుతో కొయ్యడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. ఆ చెయ్యో కాలో కదలకుండా ఉంచి, యాంటీ వెనమ్ ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి. ఆ ఒక్క మందే ఈ నాలుగు పాములకీ పనిచేస్తుంది, కాబట్టి పాముని చంపి సంచిలో పట్టుకెళ్ళాల్సిన పని కూడా లేదు.

*

అంకుల్, మా తాతయ్య నాకు రామచిలుకని కొనిచ్చారు. మా ఫ్రెండ్ అది నేరం అంటున్నాడు. నిజమా?
- ఏడో తరగతి విద్యార్థి, పటమట, విజయవాడ

నిజమే బాబూ. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన రామచిలుకని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం అన్నీ నేరమే. షాపులో అమ్మే లవ్‌బర్డ్స్ విదేశీవి, వాటి సంగతి వేరు. తాతయ్యని కోప్పడకు, ఆయన చిన్నప్పుడు ప్రతి అరుగు మీదా ఒక పంజరం ఉండేది. అలాగని రేపే తలుపు తీసి వదిలెయ్యకు. రెక్కలు కత్తిరించి ఉంటే ఎగరలేదు, కాకులు పొడిచేస్తాయి. పెద్దవాళ్ళని అడిగి అటవీ శాఖవాళ్ళకి అప్పగించండి.

*

ఉండేది గుంటూరులో, పొలం మాత్రం మాచర్ల వైపు. మొక్కజొన్న వేస్తే అడవిపందులు ఒక్క రాత్రిలో దున్నేస్తున్నాయి. పక్క చేలవాళ్ళు కరెంటు తీగ లాగారు. నేను లాగకపోతే అన్నీ నా చేలోకే వస్తాయి. మీరు పంది వైపా, నా వైపా?
- విసిగిపోయిన రైతు

మీ వైపే. అందుకే తీగ లాగొద్దంటున్నాను. పంది రాత్రిపూట వస్తుంది, మోటారు వెయ్యడానికి పక్క చేను రైతూ రాత్రిపూటే వస్తాడు, తీగకి ఇద్దరి మధ్య తేడా తెలియదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటి తీగలకి తగులుకుని పోయినవాళ్ళ వార్తలు మీరూ చదివే ఉంటారు. చట్టం, కేసు, జైలు సంగతి పక్కనపెట్టినా, తెల్లారి వెళ్ళి చూసేసరికి అక్కడ పడి ఉన్నది మీ పాలేరు అయితే? మాచర్ల వైపు అంటున్నారు కాబట్టి ఇంకోటి, దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం మీకు దగ్గరే. ఆ పందుల్ని తిని తగ్గించే జంతువు కూడా అదే తీగకి తగులుకుంటుంది.

పనిచేసేవి చెబుతాను. మొక్కజొన్న చుట్టూ నాలుగైదు వరసలు ఆముదం దగ్గరదగ్గరగా వెయ్యండి, పంది కంటితో కన్నా ముక్కుతో ఎక్కువ వెతుకుతుంది, ఆముదం వాసన దాటి కండె వాసన అందదు, ఆముదాన్ని అది తినదు, గింజలు మీకు మిగులుతాయి. వేరుశనగకైతే చుట్టూ ముళ్ళ కుసుమ. నూటికి నూరు ఆగుతాయని చెప్పను, బాగా తగ్గుతాయి. ఒక్క చేనుకే వేస్తే పంది పక్క చేలోకి పోతుంది, మీరు ఇప్పుడు తిడుతున్న పక్కవాళ్ళతోనే కూర్చుని మాట్లాడుకోక తప్పదు. పోయిన పంటకి డబ్బు రావడం కూడా మీ హక్కే. అడవి జంతువుల వల్ల జరిగే నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో కలుపుతామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లోపు ఫోటోలతో ఆ పంటల బీమా యాప్‌లో పెట్టాలి. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది రాష్ట్రం నోటిఫై చెయ్యాలి కాబట్టి మీ రైతు సేవా కేంద్రంలో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. పంది దున్నేశాక పరిగెత్తితే ఆ మూడు రోజులూ ఎవరి సంతకం ఎక్కడుందో కనుక్కోవడానికే సరిపోతాయి.

*

సార్, కొండపల్లి బొమ్మలు కొనొద్దు, అడవి చెట్లు కొట్టి చేస్తారు అని మా హాస్టల్‌లో ఒక అమ్మాయి వాదిస్తోంది. కొనాలా వద్దా?
- డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

కొనమ్మా, నిక్షేపంగా కొను. ఆ బొమ్మలకి కావాల్సింది తెల్ల పొణికి కర్ర, ఆ చెట్టు కొండపల్లి అడవిలో పెరుగుతుంది. కర్రని నెమ్మదిగా సెగ చూపించి తేమ తీసేస్తారు, విడిగా చెక్కిన చేతులూ తలలూ చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అడవి పోతే ముందు పోయేది ఈ కళాకారుడి అన్నమే, కాబట్టి ఆ కొండ మీద చెట్టు ఉండాలని మీ ఇద్దరి కన్నా అతనే ఎక్కువ కోరుకుంటాడు. ఆ కొండలకి అసలు ప్రమాదం గ్రావెల్ టిప్పర్ల నుంచి. టిప్పర్ ఒక్క రాత్రిలో మోసుకుపోయినంత కొండని బొమ్మలవాడు జన్మలో వాడలేడు. మీ స్నేహితురాలు చెప్పినదాంట్లో ఒకటి మాత్రం ఒప్పుకుంటాను, పొణికి మొక్కలు నాటి పెంచకపోతే కర్ర కరువొస్తుంది, ఇప్పటికే కర్ర దొరకడం కష్టమవుతోందని అక్కడి పనివాళ్ళు అంటూనే ఉన్నారు.

సంక్రాంతి బొమ్మల కొలువుకి కొంటుంటే మాత్రం వేరే కర్రతో చేసి అదే పేరుతో అంటగట్టే వాటిని చూసుకో. అరచేతిలో పెట్టుకుని తూచి చూడు. పొణికి బొమ్మకి దాని సైజుకి తగ్గ బరువుండదు.